పచ్చికపై అడుగులు

పుష్యుడికి మనుషులంటే భయం పట్టుకుంది.

దొంగలనో దుర్మార్గులనో చూసి కాదు. మనుషులు ఎంతమంది ఉన్నారో చూసి. కృష్ణాతీరపు కొండ మీది విహారంలో అతడు భిక్షువుగా చేరిన తొలి ఏట, భిక్షకు దిగితే అడవి దాటిన తరువాతే ఊరు కనిపించేది. ఇప్పుడు కొండ దిగీ దిగకముందే గుడిసెలు ఎదురవుతున్నాయి. కుండలు కాల్చడానికి మద్దిచెట్లు, పడవలు కట్టడానికి టేకుచెట్లు పోయాయి. లేళ్ళు నీళ్ళకు వచ్చే మడుగులో గేదెలు పడుకుంటున్నాయి.

"భంతే, మనుషులు ఎక్కువైపోయారు" అన్నాడు ఒకనాడు గురువుతో. "పుట్టేవాళ్ళు పుడుతూనే ఉన్నారు. ఈ నేల ఇంతమందిని మోయలేదు. చివరికి గడ్డిపరక కూడా మిగలదు."

భద్రనంది స్థవిరులు తమ చిరిగిన చీవరానికి మాసిక వేసుకుంటున్నారు. దారం పంటితో తెంపి, "నీ భయం అబద్ధం కాదు" అన్నారు. మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకున్నారు.

ఆ జవాబు పుష్యుడికి చాలలేదు.

అది వర్షావాస కాలం. ఆ మూడు నెలలూ భిక్షువులు విహారం విడిచి తిరగరు. అప్పుడే తలెత్తుతున్న మొలకనూ, నేల పైకి వచ్చిన పురుగునూ తొక్కరాదని నియమం. ఆ నియమాన్ని పుష్యుడంత శ్రద్ధగా పాటించినవారు అక్కడ లేరు. ఎన్నో ఏళ్ళుగా బోడిగా పడి ఉన్న తూర్పు వాలు మీద ఆ ఏడే మద్ది మొలకలు లేచాయి. ప్రతి ఉదయం అతడు ప్రాకారం మీద నిలబడి, తల్లి ఊయల వైపు చూసినట్టు, వాటి వైపు చూసేవాడు. కిందికి మాత్రం దిగేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం నది గట్టు దాటింది.

కొండచరియ విరిగిపడి మెట్లదారి పూడిపోయింది. కింది ఊళ్ళవారికి మిగిలింది తూర్పు వాలు ఒక్కటే. పిల్లలను చంకనెత్తుకుని, మేకలను ఈడ్చుకుంటూ, తట్టలు నెత్తిన పెట్టుకుని, ఎవరికి తోచిన చోట వారు ఎక్కడం మొదలుపెట్టారు.

ప్రాకారం మీది నుంచి చూసిన పుష్యుడు కింది కొసకు ఇనుప పొన్ను తొడిగిన తన చేతికర్ర అందుకుని కిందికి పరుగెత్తాడు.

"ఆగండి! ఇటు రాకండి! మొలకలున్నాయి!"

"వెనక ఏరుంది స్వామీ!" అన్నాడు ముందున్న మనిషి, ఆగకుండానే.

పుష్యుడు కర్ర అడ్డం పెట్టాడు. ఆ మనిషి పక్కకు తప్పుకున్నాడు. పుష్యుడు అటు ఉరికాడు. ఆలోగా ఇటు మరికొందరు ఎక్కారు. మళ్ళీ ఇటు ఉరికాడు, మళ్ళీ అటు. అతడు అడ్డుపడుతున్న కొద్దీ జనం చెదురుతున్నారు. కాళ్ళ కింద బురద జారుతోంది. ఒక పసివాడు పట్టు తప్పి దొర్లాడు. తల్లి జబ్బ పట్టి లాక్కుంది. వాలు మొదట్లో ఉన్న బండలు నీళ్ళలో మునిగిపోయాయి.

ఇక ఎక్కలేక ఒక ముసలామె అతని ఎదుటే చతికిలబడింది. ఆమె కుమ్మరి నాగక్క. పుష్యుడు రోజూ అన్నం తినే మట్టిపాత్ర ఆమె చేసి కాల్చిందే.

"లే! అవతలికి వెళ్ళు!" అంటూ పుష్యుడు కర్ర ఎత్తాడు.

"ఎటు అవతలికి నాయనా? అవతలంతా ఏరే." ఆమె తల పైకెత్తి చూసింది. "కొడతావా? కొట్టు. కర్ర మొలక మీద పడకుండా చూసి కొట్టు."

ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగిపోయింది.

అప్పుడు భద్రనంది స్థవిరులు విహార ద్వారం దాటి బయటికి వచ్చారు.

"భంతే! వర్షావాసం!" అని అరిచాడు పుష్యుడు.

ఆయన ఆగలేదు. బండ ఉన్న చోట బండ మీద, లేని చోట బోడినేల మీద కాలు మోపుతూ, ఆ వయసుకు ఆశ్చర్యమనిపించే వేగంతో నీటి అంచు దాకా దిగారు. వరదకు వీపు పెట్టి, మళ్ళీ కొండ వైపు తిరిగారు.

"నా వెనక రండి. నేను కాలు పెట్టిన చోటే కాలు పెట్టండి. ఈ మాట మీ వెనకవాళ్ళకు చెప్పండి."

మాట ఒకరి నుంచి ఒకరికి పోయింది. చెదిరిన జనం ఒక్క వరుసలోకి వచ్చారు. మేకలు కూడా ఆ వరుసలోనే నడిచాయి. కాలు మోపిన చోటల్లా గట్టినేల తగులుతుంటే జారడం ఆగింది, అరుపులు ఆగాయి. వాన చప్పుడు, అడుగుల చప్పుడు మాత్రం మిగిలాయి.

పుష్యుడి పక్క నుంచి వెళుతూ స్థవిరులు, "ఆమెను ఎత్తుకో" అన్నారు.

పుష్యుడు కర్ర కింద పడేశాడు. నాగక్కను వీపున ఎక్కించుకుని వరుస చివరన చేరాడు. నీళ్ళు అతని మడమలను తాకుతున్నాయి. ముందువాళ్ళు విడిచిన అడుగులోనే అడుగు వేస్తూ ఎక్కాడు.

"మెల్లగా నాయనా" అంది ఆమె చెవి దగ్గర. "నీ వీపున ఉన్నది పాతకుండ."

తెల్లవారేసరికి వాన వెలిసింది. విహారమంతా నిద్రపోతున్న జనం. పుష్యుడు వారిని దాటుకుని ప్రాకారం ఎక్కాడు. వాలు మధ్యలో పచ్చదనం నలిగి, పెద్ద బురద మచ్చలు కనిపించాయి. నిన్నటి కోపం మళ్ళీ పొంగింది.

"చూశారా భంతే, ఈ మనుషులు ఏం చేశారో!" అంటూ, వెనక వస్తున్న గురువు కోసం ఆగకుండా, వాలుకు అడ్డంపడి ఆ మచ్చల దగ్గరికి పరుగెత్తాడు.

అక్కడ మొలకలు విరిగి బురదలో కూరుకుపోయి ఉన్నాయి. వాటి చుట్టూ అడుగులు. కొన్ని మాత్రం పక్కకు తప్పుకుపోయినవి. మిగిలినవన్నీ అటూ ఇటూ, వెనక్కీ ముందుకీ తిరిగినవి. ఆ అడుగుల వెంట, నేలలో గుండ్రటి గుంటలు.

పుష్యుడు వంగి ఒక గుంటలో వేలు పెట్టి చూశాడు. ఇనుప పొన్ను దిగిన లోతు.

స్థవిరులు నిన్నటి దారినే దిగి వచ్చి నిలబడ్డారు. పచ్చిక మధ్య ఆ దారి పాపిట తీసినట్టు సన్నగా పైదాకా పోతోంది.

"ఇక్కడ ఎంతమంది నడిచారు, పుష్యా?" అని అడిగారు, తమ కాళ్ళ కిందికి చూస్తూ.

"తెలియడం లేదు భంతే. ఒకరే నడిచినట్టుంది."

"నువ్వు నిలబడ్డ చోట?"

పుష్యుడు ఆ గుంటల వైపు, తన పాదాల వైపు చూసుకున్నాడు.

"ఒక్కడే, భంతే."

గురువు దగ్గరికి పోవాలని కాలెత్తాడు. దాన్ని ఎక్కడ మోపాలో తెలియక, నేలను వెతుకుతూ అలాగే నిలబడిపోయాడు.