తవిటయ్య మాట

వెనకటికి, ఏరు ఊరికి అవతల పక్కన పారే కాలంలో, తవిటయ్య అని ఒకడుండేవాడు. ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని తల్లి అతన్ని పొరుగింటికిచ్చి, చేటెడు తవుడుకు తిరిగి కొనుక్కుంది. ఆ తల్లీ ఎక్కువ కాలం ఉండలేదు. తవిటయ్యకు పెరడు లేదు, పెళ్లాం లేదు, నా అన్నవాళ్లు లేరు. ఊరి చివర పాక, చేతిలో గునపం, అంతే.

ఆ ఊళ్లో ముగ్గురికి పెరళ్లుండేవి, చేసుకునే ఓపిక మాత్రం లేదు. సూరమ్మకు చూపు లేదు. జగ్గన్నకు కాళ్లు పడిపోయాయి. ముసలి పైడితల్లికి చేతులు వణుకు. తవిటయ్య పొద్దున సూరమ్మ పెరట్లో, మధ్యాహ్నం జగ్గన్న పెరట్లో, సాయంత్రం పైడితల్లి పెరట్లో తవ్వేవాడు. సూరమ్మకు గడప నుంచి పాదు దాకా తాడు కట్టాడు. జగ్గన్నను వీపున మోసుకెళ్లి పాదు పక్కన కూర్చోబెట్టాడు. పైడితల్లి చేతిలోంచి గింజ ఎక్కడ రాలితే అక్కడే పాదు చేశాడు.

"గింజ మీ సేత్తోనే పడాల. తవ్వడం వరకే నా పని," అనేవాడు.

అందుకని ఆనపకాయ కాస్తే ముగ్గురూ "నేనే పెట్టాను" అని ఊరంతా చాటుకునేవాళ్లు. వాళ్లకు అంత గొప్ప మరెక్కడ దొరుకుతుంది? తవిటయ్య విని నవ్వుకునేవాడు.

పని చేసిన ఇంట అన్నం పెట్టడం అక్కడి ఆనవాయితీ.

"తిన్నావేటి తవిటయ్యా?" అనేది సూరమ్మ.

"తిన్నానమ్మా."

"తిన్నావేటిరా?" అనేవాడు జగ్గన్న.

"తిన్నాను బాబూ."

"తిన్నావేటి నాయినా?" అనేది పైడితల్లి.

"తిన్నానవ్వా."

మొహమాటం మనిషి. ఒక్కసారి అడగ్గానే ఆకలని చెప్పుకోవడం అతని వల్ల కాదు. రెండోసారి ఎవరూ అడగలేదు. అడగకపోవడం పిసినారితనం కాదు, మిగతా రెండిళ్లలో ఏదో ఒకచోట తినే ఉంటాడని ఎవరికి వారే అనుకున్నారు. తవిటయ్య చీకటి పడ్డాక పాకకు పోయి గంజి కాచుకునేవాడు. గంజికి లోటు లేదు. తాగుతుంటే ఎదురుగా ఒక మనిషి కూర్చుని, ఇంకాస్త పోయనా అని అడిగితే బాగుండునని ఉండేది. ఆ ఆశతోనే ఇరవై ఏళ్లు మూడిళ్ల చుట్టూ తిరిగాడు.

ఒక వానాకాలం జ్వరం తగిలింది. మొదటిరోజు రాలేదు. మిగతా ఇళ్లలో పని ఎక్కువుందేమో అనుకున్నారు. రెండోరోజు రాలేదు. అలాగే అనుకున్నారు. మూడోరోజూ రాకపోయేసరికి సూరమ్మ పైడితల్లి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. జగ్గన్న బురదలో దేక్కుంటూ వెనకే వచ్చాడు.

పాకలో తవిటయ్య చాప మీద పడి ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది. మూలన ఒకే గంజికుండ, ఒకే ముంత ఉన్నాయని పైడితల్లి చెప్పింది.

"నీకాడ తినీవోడు కాదేటి?" అంది సూరమ్మ.

"నేదే. నీకాడ కాదేటి?" అన్నాడు జగ్గన్న.

"నానూ మీకాడే అనుకున్నాను," అంది పైడితల్లి.

సూరమ్మ తడుముకుంటూ పొయ్యిలో చెయ్యి పెట్టింది. బూడిద చల్లగా ఉంది. ముగ్గురూ అక్కడే కూలబడి ఏడ్చారు. ఇరవై ఏళ్లలో ఆ పాకలో అతనికి ఎదురుగా మనుషులు కూర్చోవడం అదే మొదలు.

ఇప్పటికీ ఆ వైపు పెరటి పనికి మనిషి వస్తే తిన్నావా అని అడగరు. ఆకు వేసి, నీళ్లు పెట్టి, ఎదురుగా తాము కూర్చుంటారు. తిన్నానంటే, "ఎవరింట్లో?" అంటారు. వచ్చినవాడు ఇల్లు చెప్పలేక తల వంచుకుంటే, "తవిటయ్య మాట సెప్పకు, కూకో," అంటారు.