పడవల షావుకారు వేసిన ఓటు

అనగనగా, ఏడు సముద్రాల అవతల, అమెరికా దేశంలో, రైలుబండి ఇంకా వింతగా ఉన్న రోజుల్లో, ఒక ఏటిగట్టున ఒక ఊరుండేది.

ఆ ఊళ్లో ఆంబ్రోస్ అనే షావుకారు ఉండేవాడు. ఊరికున్న ఒక్క బ్యాంకూ ఆయనదే. ఏరు దాటించే పడవలన్నీ ఆయనవే. పైగా రాష్ట్ర శాసనసభలో సభ్యుడు.

ఆయన చొక్కాలకు గంజి పెట్టి ఇస్త్రీ చేసేది హెప్సిబా. భర్త లేని మనిషి. ఒక్కతే కూతురు, డెల్లా.

ఒక చలికాలం డెల్లాకు జ్వరం తగిలింది. వైద్యుడేమో ఏటి అవతల. ఏటినిండా మంచుగడ్డలు. పడవ కదలదు. మూడు రోజులు హెప్సిబా గట్టుకూ పిల్ల మంచానికీ తిరిగింది. అవతలి ఒడ్డున వైద్యుడి ఇంటి పొగ కనిపిస్తూనే ఉంది. నాలుగోనాడు మంచు విడింది. వైద్యుడు వచ్చాడు. పిల్ల దక్కింది.

హెప్సిబా చేతుల వణుకు మాత్రం పోలేదు.

శాసనసభ కూడే ముందు చొక్కాలు పట్టుకెళ్లి అడిగింది. "అయ్యగారూ, ఏటి మీద వంతెన వేయించండి."

షావుకారు నవ్వాడు. "బాగుందమ్మా! వంతెన వస్తే నా పడవల్లో కోళ్లు పెంచుకోమంటావా?"

వంతెన మీద ఓటు వేయమని సభలో ఆయన పేరు పిలిచారు. "వద్దు" అన్నాడు. ఒక్క ఓటుతో వంతెన పోయింది.

రెండో ఏడు మళ్లీ అడిగింది. "చూద్దాంలే" అన్నాడు. పేరు పిలిచే వేళకు దగ్గు నటించి బయటికి నడిచాడు. వంతెన మళ్లీ పోయింది.

మూడో ఏడు ఆమె ఏమీ అడగలేదు. చొక్కాలు బల్ల మీద పెట్టి వెనుదిరిగింది.

షావుకారు కాలరు తడిమి చూశాడు. ఎక్కడా ముడత లేదు.

"ఏమ్మా, నా మీద కోపం లేదా?"

"ఉందయ్యా. చొక్కా ఏం పాపం చేసింది? నా పని నేను సరిగా చేయాలి కదా."

సభలో కూర్చున్నంతసేపూ ఆ కాలరు ఆయన మెడను ఒత్తుతూనే ఉంది. పేరు పిలిచారు. "కావాలి" అన్నాడు. ఆ ఒక్క ఓటుతో వంతెన గెలిచింది.

ఊళ్లో పుకారు లేచింది. "పడవలు పోయినట్టే. ఇక బ్యాంకూ మునుగుతుంది!" తమ డబ్బు తమకిమ్మని జనం బారులు తీరారు. బ్యాంకు డబ్బుపెట్టె అడుగు కనిపించసాగింది. అంతలో వరసలో హెప్సిబా!

"నువ్వు కూడానా, అమ్మా?" అంటూ షావుకారు పెట్టెలోకి చెయ్యి పెట్టాడు.

ఆమె రుమాలు ముడి విప్పింది. ఏడు వెండి నాణేలు. "తీసుకోడానికి కాదయ్యా. దాచుకోడానికి."

వెనక రొట్టెలవాడు గయ్యిమన్నాడు. "పిచ్చిదానా! మునిగేదాంట్లో ఎక్కుతావా?"

"తన పడవలు పోతాయని తెలిసీ మనకు వంతెన ఇచ్చాడు. అలాంటి మనిషి మన డబ్బు ముంచుతాడా?"

రొట్టెలవాడు బుర్ర గోక్కున్నాడు. నెమ్మదిగా ఇంటిదారి పట్టాడు. వాడి వెనకే ఒకరు, ఇద్దరు, పదిమంది.

బ్యాంకు నిలిచింది. వంతెన లేచింది.

ఆ చలికాలం హెప్సిబా కూతురి చెయ్యి పట్టుకుని వంతెన మీద నిలబడింది. కింద మంచుగడ్డలు. చేతులు వణకలేదు.

ఎదురొచ్చిన షావుకారుకు దణ్ణం పెట్టింది. "మీ మేలు మరవలేనయ్యా."

"అంతా నీ ఇస్త్రీపెట్టె చలవమ్మా" అన్నాడాయన, కాలరు సర్దుకుంటూ.

పిల్లలూ, తన లాభం వదులుకుని పదిమంది మేలు కోరినవాణ్ణి, ఆపద వచ్చిననాడు ఆ పదిమందే నిలబెడతారు.