ఉప్పెడ్ల దారి

సముద్రం మొహమే ఎరగని కొండరాజ్యానికి పొరుగు రాజ్యం మీదుగానే ఉప్పు రావాలి. పైన జనం చప్పిడి కూడు తింటున్నారు. ఇక్కడ సరిహద్దులో పొరుగు రాజ్యపు సుంకాధికారి ఉప్పు మోసే ఎడ్లను ఆపేశాడు.

"సోదా రేపు చూద్దాం."

నెత్తిన నల్లమబ్బు కమ్ముకొస్తోంది. ఎడ్లు తోలే నూకాలు చేతులు జోడించింది. వాన పడితే బస్తాల్లో ఉప్పు మిగలదు.

"చిత్తం దొరా. కానీ మీ రాజుగారి దగ్గుకి మూలికలు కొండ దిగాలిగా. దారి ఇరుకు. ఎక్కేవాళ్లు పైకి చేరాకే దిగేవాళ్లు కదలాలన్నది మా ఆచారం. మేం చేరందే మూలికలు రావు."

అధికారి ముఖం పాలిపోయింది. గబగబా అడ్డుకర్ర ఎత్తించాడు.

మలుపు తిరిగాక, వెనక ఎడ్లను తోలుతున్న ఆమె మరిది గొంతు తగ్గించి అడిగాడు. "వదినా, నిజంగా పైన మూలికల ఎడ్లు ఆగున్నాయా?"

"మూలికలే ఆగున్నాయి మరిదీ. మోసే ఎడ్లు ఇవేగా!"