తడి ఉన్నచోట తట్ట

ఏటి పక్కన ఒక ఊరుండేది. ఏటికీ ఊరికీ మధ్య ఒక మట్టికట్ట. వరదొస్తే ఊరంతా తట్టలు పట్టుకుని దాని మీదికి పరిగెత్తేది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పేవారు కాదు. కాలికింద మెత్తగా తగిలినచోట మట్టి బోర్లించడమే. పుట్ట కట్టే చెదల్ని చూసి పెద్దలు నేర్చుకున్న పని అది.

ఒక ఏడు ఏరు విరుచుకుపడింది. అయినా కట్ట నిలిచింది. ఆ సంగతి విని రాజు చూడవచ్చాడు.

"దీన్ని నడిపించినవాడెవడు?"

"ఎవరూ లేరు మారాజా. అందరం తలా ఓ తట్ట వేశాం."

రాజుకి చిరాకేసింది. "తెచ్చింది ఒక్క దండ. అందరికీ ఎలా వేస్తాను? ఒకడుండి తీరాలి."

మంత్రి గుంపులోకి చూసి, అందరికంటే పొడుగ్గా కనబడినవాణ్ణి ముందుకు లాగాడు. దండ వాడి మెడలో పడింది.

"నువ్వు ఒరగబెట్టిందేంటంట?" అంది ఇంట్లో పెళ్లాం.

"ఏమో. బాగుంది కదా," అన్నాడు వాడు. పాపం, నిజంగానే బాగుంది.

మరుసటేడు వరద చూడ్డానికి రాజు కట్ట ఎగువన మంచె వేయించుకున్నాడు. నీళ్లు పెరిగాయి. ఈసారి ఎవరూ కాళ్ల వైపు చూసుకోలేదు. అందరూ పొడుగువాడి మొహంలోకి చూశారు.

"ఎక్కడ పొయ్యమంటావన్నా?"

వాడికేం తెలుసు? మంచె వైపు చూశాడు. "అక్కడ పొయ్యండి. రాజుగారికి కనబడాలి."

మంచె కింద మట్టి గుట్టయింది. దిగువన గుడిసె ఉన్న ముసలమ్మ గొంతు చించుకుంది. "ఇక్కడ కాలు దిగబడిపోతోందర్రా!"

"అన్న చెప్పాలి కదా అవ్వా," అన్నారు తట్టలు మోసేవాళ్లు.

అక్కడే గండి పడింది. ముందు ముసలమ్మ పోయింది, తర్వాత సగం ఊరు పోయింది.

నీళ్లు తీశాక రాజు మంచె దిగాడు. కాళ్లకి తడైనా అంటలేదు.

"దీనికి కారణం ఎవడు?"

"అందరం" అన్న మాట ఈసారి ఒక్క నోటి నుంచీ రాలేదు. సిగ్గులేని జనం. ఎవరూ సైగ చేయకుండానే చేతులన్నీ ఒక్కసారి లేచి పొడుగువాణ్ణి చూపించాయి.

ఉరికంబం నాటారు. నేల ఇంకా పచ్చిగా ఉండి అది పక్కకి ఒరిగింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాలికింద మెత్తగా తగిలినచోటల్లా తలా ఓ తట్ట బోర్లించారు. కంబం నిటారుగా నిలబడింది.