నాంచారమ్మ చేను, బలం పొడి

ఊళ్ళో ఎవరింట్లో తెలివి తక్కువైనా చేట పట్టుకుని తన గుమ్మంలోకే రావాలని నాంచారమ్మ ధీమా. మొగుడు సింగారయ్య ఆవిడకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. ఇక మరిది కోటిలింగం సంగతి చెప్పేదేముంది, వానొస్తే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని నడిచే మనిషి.

అలాంటి ఇంటికి ఓ కష్టమొచ్చి పడింది. కిందటేడు మొక్కజొన్నంతా కత్తెర పురుగు పాలైంది. "ఈసారి కూడా పురుగు చేను తినేసిందా, గేదెని అమ్మేయడమే" అన్నాడు సింగారయ్య. ఆ గేదె చుక్కమ్మంటే నాంచారమ్మకి ప్రాణం. తను తిన్నా తినకపోయినా దానికి కుడితి పెట్టందే పడుకోదు.

చేలు చూసి సలహాలు చెప్పడానికి ఊళ్ళోకి వచ్చే కుసుమ అనే అమ్మాయి ఓ పొడి తెచ్చిచ్చింది. "పెద్దమ్మా, ఇది ఖనిజాల పొడి. పురుగుని చంపదు, మొక్కకి బలమిస్తుంది. బలమున్న మొక్క పురుగుకైనా తెగులుకైనా తనే ఎదురు నిలుస్తుంది. నీళ్ళలో కలిపి ఆకు ముందూ వెనకా తడిసేలా కొట్టండి. అయినా పురుగు కనిపిస్తే నాకు కబురు పెట్టండి" అంది.

కొట్టడం బాగానే కొట్టారు. ఆకులు నిగనిగలాడాయి. అక్కడితో ఆగితే వాళ్ళు వాళ్ళెందుకవుతారు!

"వదినా, ఎదురు నిలవాలంటే ఉత్త చేతుల్తోనా?" అన్నాడు కోటిలింగం. అంతే, ముగ్గురూ కూర్చుని మొక్కమొక్కకీ ఓ పుల్ల కట్టారు, కర్రసాము చేసుకుంటాయని. గట్టు మీద చేరి కళ్ళు కాయలు కాచేలా చూశారు. ఒక్క పుల్ల కదిలితే ఒట్టు.

"పురుగే రాకపోతే ఎవర్ని కొడతాయి పాపం?" అంది నాంచారమ్మ. ఇంకేముంది, కోటిలింగం బిందె పట్టుకుని పక్క చేలో దూరాడు.

ఆ చేనుగల పోతురాజు కేకేశాడు. "ఏం చేస్తున్నావోయ్?"

"మీ పురుగులు కాసిని చేబదులు కావాలి. పని కాగానే తెచ్చిచ్చేస్తాం."

"తేవద్దు నాయనా, ఉంచేసుకోండి!"

బిందెడు పురుగులూ తెచ్చి చేలో కుమ్మరించాడు. అవి మొవ్వుల్లో దూరి కరకరా నమలడం మొదలెట్టాయి. పుల్లలు ఉలకవు, పలకవు. నాంచారమ్మ "నా చుక్కమ్మో!" అని గొల్లుమంది.

"కుసుమకి కబురు పెడదామా?" అన్నాడు సింగారయ్య.

"ఇంతమంది తెలివైనవాళ్ళం ఉండగా ఒకర్ని అడగడమేంటయ్యా, పరువు తక్కువ! బలముంటే ఎదురు నిలవచ్చందిగా ఆ పిల్ల? మనింట్లో అందరికంటే బలమెవరికి?"

ముగ్గురూ ఒక్కసారే పశువుల పాక వైపు చూశారు.

అంతే! చుక్కమ్మని విప్పి, చేలోకి తోలి, "ఒక్కదాన్నీ వదలకు తల్లీ" అని వీపు నిమిరి, అన్నానికి వెళ్ళారు. తిని, ఓ కునుకు తీసి వచ్చేసరికి చేను నున్నగా ఉంది. పుల్లలు మాత్రం నేలమీద మిగిలాయి. మధ్యలో చుక్కమ్మ పడుకుని నెమరేస్తోంది. చేనంతా వంగి వంగి వెతికినా పురుగు జాడ లేదు.

సరిగ్గా అప్పుడే కుసుమ వచ్చింది. "పెద్దమ్మా, చేనేదీ?"

"చేను సంగతి తర్వాత, పురుగేదీ చూపించు!" అని నాంచారమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, పురుగు తింటే కదా అమ్ముతానన్నావు? పురుగు తిన్నదా?"

సింగారయ్య బుర్ర గోక్కున్నాడు. "లేదే. తిన్నది చుక్కమ్మ కదా. మాటంటే మాటే, అమ్మను!"

నాంచారమ్మ గేదె మెడ వాటేసుకుని ఆనందంతో భోరుమంది. కుసుమ తల పట్టుకుని గట్టు మీద కూలబడింది.

"అయ్యో, పిల్లకి ఒంట్లో బలం లేదయ్యా!" అంది నాంచారమ్మ. ఇంకేముంది, సింగారయ్య మిగిలిన పొడి కలిపి, స్ప్రేయరు భుజానికి తగిలించుకొచ్చి, నెత్తి నుంచి పాదాల దాకా కొట్టేశాడు. కుసుమ కెవ్వుమని లేచి పరుగు లంకించుకుంది.

వెనకాలే స్ప్రేయరుతో సింగారయ్య, పుల్ల పట్టుకుని కోటిలింగం. వాళ్ళ వెనక నాంచారమ్మ అరుస్తోంది. "ఆగమ్మాయ్! వెనకవైపు ఇంకా తడవలేదు! పోనీ, పుల్లయినా కట్టించుకుని పో!"