చెవి వెనక చెయ్యి

తొమ్మిదేళ్లుగా ఓబులేసు మనసులో నలుగుతున్న బాధ ఒక్కటే. తన గురువు జలీల్ సాహెబ్ అంతటి మనిషికి శిష్యులు నలుగురే. అందులోనూ ఒకడు భోజనాల వేళకు తప్ప కనబడడు.

సాహెబ్ ఊరి చివర తకియాలో, ఫకీర్లుండే చిన్న మఠంలో, ఉండేవాడు. ఉపన్యాసాలు చెప్పేవాడు కాదు, తాయెత్తులు కట్టేవాడు కాదు. ఎవరొచ్చి ఏ గోడు వెళ్లబోసుకున్నా చివరిదాకా వినేవాడు, అంతే. ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. అందుకని కుడి చెవి వెనక అరచెయ్యి ఆనించి, ముందుకు వంగి వినేవాడు. చెప్పుకున్నవాళ్లు మనసు తేలికపడి, పోతూ పోతూ వాకిట్లోని దానిమ్మ చెట్టు కొమ్మ ఒకటి అడిగి పట్టుకుపోయేవాళ్లు.

ఒకరోజు ఓబులేసు ఉండబట్టలేక అడిగేశాడు.

"సామీ, ఈ కొమ్మలు పోయి పది ఊర్లలో చెట్లయినాయి. మీ మార్గం మాత్రం ఈ గోడ దాటకూడదా?"

"నువ్వు నాటుతావా?"

"మీరు ఊ అనండి, చాలు."

"ఊ," అన్నాడు సాహెబ్.

ఇక ఓబులేసు ఉత్సాహంగా బయల్దేరాడు. మొదటి ఊర్లో అచ్చం గురువులాగే కూర్చుని, చెవి వెనక చెయ్యి పెట్టి ఎలా వినాలో చూపించాడు. ఒక దానిమ్మ కొమ్మ నాటాడు. ఆ ఊరివాళ్లు పక్క ఊరికి నేర్పారు, కొమ్మ ఇచ్చారు. వాళ్లు ఆ పక్క ఊరికి. అలా మూడేళ్లలో ఏడూళ్లు. ఏడోది గొల్లలదిన్నె, అక్కడ రెండు వందల మంది చేరారట! ఆ మాట విన్నాక ఓబులేసు కాళ్లు నేల మీద నిలవలేదు. తానైనా ఒకసారి చూసి రాకుండానే గురువును బస్సెక్కించి తీసుకుపోయాడు.

మిట్టమధ్యాహ్నం. ఎండ మాడ్చేస్తోంది. పందిరి నిండా జనం. మధ్యలో ఇటుకల గద్దె మీద దానిమ్మ కొమ్మ, దానికి చివరిదాకా చుట్టిన ఆకుపచ్చ గుడ్డ, పూలదండలు, పక్కనే పన్నీరు కలిపిన నీళ్ల కుండ. గంట మోగింది. రెండు వందల మందీ ఒక్కసారిగా రెండు అరచేతులతో రెండు చెవులూ గట్టిగా మూసుకుని, కళ్లు మూసి, ముందుకు వంగారు.

ఓబులేసు చుట్టూ చూశాడు. ఇదెక్కడి చోద్యం? తాను నేర్పింది ఇది కాదే! కానీ అందరూ చేస్తున్నారు, పక్కన గురువున్నాడు. ఏం చెయ్యాలో తోచక, నామోషీ కొద్దీ తనూ చెవులు, కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి పక్కన గురువు లేడు.

సాహెబ్ ఆ పన్నీటి కుండ ఎత్తుకుని బయటికి పోతున్నాడు. దారి మీద, కట్టెలమోపు పక్కన, ఒక ముసలమ్మ వడదెబ్బకు సొమ్మసిల్లి పడి ఉంది. ఆమె కూతురు గుండెలు బాదుకుంటోంది.

"పిలిచి పిలిచి గొంతు పోయింది సామీ! ఇంతమంది ఉండి ఒక్కరూ పలకరే!"

రెండు వందల మందిలో ఆ కేక విన్నది ఆ ఒంటి చెవి ముసలాయన ఒక్కడే.

సాహెబ్ ముసలమ్మ ముఖాన నీళ్లు చల్లాడు. ఆమె కళ్లు తెరిచాక గుక్క గుక్కగా తాగించాడు.

"అయ్యయ్యో, అవి కొమ్మకు పోసే నీళ్లు!" అని పందిట్లోంచి ఎవరో అరిచారు.

సాహెబ్ మెల్లగా లోపలికొచ్చి ఆకుపచ్చ గుడ్డ విప్పాడు. లోపల ఒక్క ఆకు లేదు. రెండు వేళ్లతో పట్టి లాగితే కొమ్మ ఊడి వచ్చేసింది. అడుగున వేరన్నది లేదు.

ఆ ఎండుపుల్లను తెచ్చి సాహెబ్ ఓబులేసు చేతిలో పెట్టాడు.

"నేను కూడా... నేను కూడా మూసుకుంటిని సామీ," అన్నాడు.

బయట ముసలమ్మ సన్నటి గొంతుతో ఏదో అడుగుతోంది. సాహెబ్ చెయ్యి అలవాటుగా చెవి దాకా లేచి, ఆగింది. ఆయన చెయ్యి దించేసుకున్నాడు.

"నాకు సరిగా వినబళ్లేదు. ఏమంటాందో నువ్వు పోయి విను," అన్నాడు.