కొవ్వూరు రేవులో కచేరీ

తంబూరలో పంచమం తీగ శ్రుతి దిగిపోయిందని వకుళకు అందరికన్నా ముందే తెలిసింది. తెలిసీ సరిచేయలేదు.

కొవ్వూరు గోదావరి రేవులో, నీళ్లకు ఆనుకుని కట్టిన వేదిక మీద సాయంత్రం కచేరీ. మెట్ల నిండా జనం. గురువు భ్రమరాంబగారు పాడుతుంటే వెనక తంబూర పట్టుకుని కూర్చోవడం వకుళకు పదకొండేళ్ల అలవాటు. ఈసారి మాత్రం ముందు కూర్చోవలసింది. మధ్యలో ఒక కీర్తన నువ్వే పాడాలని అమ్మగారు నెల కిందటే చెప్పారు. వకుళ ఆ నెలంతా వేరే పాట ముట్టలేదు. పుట్టింటివాళ్లందరినీ రమ్మంది. వాళ్లు వచ్చి మూడో మెట్టు మీద వరసగా కూర్చున్నారు కూడా.

తీరా ఆ పొద్దున కారులో, ఆ కీర్తన హైమ పాడుతుందన్నారు అమ్మగారు. హైమ శిష్యురాలిగా వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. ఎందుకని అడిగితే, ఏటిగాలిలో గొంతు నిలపడం ఆ పిల్ల నేర్చుకోవాలన్నారు. నేర్చుకోవడానికి నా పాటే దొరికిందా అన్న మాట వకుళ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మింగింది మండుతూనే ఉంది.

హైమ పల్లవి ఎత్తుకోగానే గాలి తిరిగింది. తీగ బిగించే బిరడా వదులై తీగ కొంచెం దిగింది. కింద శ్రుతి సరిచేసే పూస కాస్త జరిపితే సరిపోయేది. వకుళ అవతల వంతెన వైపు చూస్తూ మీటుతూ పోయింది. హైమ పట్టు దొరక్క తడబడింది. పై స్థాయి అందుకోబోయి జారింది. మెట్ల మీద ఎవరో నవ్వారు. వయొలిన్ శేషాచలంగారు మెడ తిప్పి వకుళను గుచ్చి చూశారు. ఆమె ఆ చూపు తన మీద కానట్టే కూర్చుంది. హైమ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాగా అయింది అనుకుంది వకుళ.

కీర్తన ముగిసింది. భ్రమరాంబగారు మోకాళ్ల నొప్పితోనే మెల్లగా వెనక్కి జరిగి, వకుళ చేతుల్లోంచి తంబూర అందుకున్నారు.

"ముందుకెళ్లి కూర్చో. అదే కీర్తన నువ్వు పాడు."

"ఇప్పుడా?"

"నెల రోజులు చేశావుగా."

వకుళ మైకు ముందు కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది, తీగ ఇంకా దిగే ఉంది. అమ్మగారు దాన్ని అలాగే మీటితే? మెట్ల మీద నాన్న చేతులు కట్టుకుని తననే చూస్తున్నాడు.

వెనక పూస జరిగింది. పంచమం వచ్చి నిలబడింది.

పాడింది. పాడుతుండగా గాలి రెండుసార్లు తిరిగింది. రెండుసార్లూ తీగ దిగేలోపే ఆ ముసలి వేళ్లు దాని దగ్గరికి వెళ్లాయి. జనం చప్పట్లు కొట్టారు. వకుళ మూడో మెట్టు వైపు చూడలేకపోయింది.

అంతా అయ్యాక తంబూరకు గలీబు తొడుగుతూ, మరెవరికీ వినపడకుండా వకుళ అమ్మగారితో అంది. "మాటిచ్చి తప్పింది మీరు. నాకు కోపం రావడంలో తప్పేముంది?"

"ఏమీ లేదు" అన్నారు భ్రమరాంబగారు. "కోపం నా మీద కదా. నేను పాడేటప్పుడు వదిలెయ్యాల్సింది తీగ. ఆ పిల్ల పాడేటప్పుడు ఎందుకు?"

వకుళ తంబూర పక్కన పెట్టి లేచింది.

హైమ కింది మెట్టు దగ్గర మొహం కడుక్కుంటోంది. వకుళ వెళ్లి, చేసింది చేసినట్టు చెప్పింది.

"తెలుసక్కా, విన్నాను" అంది హైమ, తల ఎత్తకుండానే. "ఇంకెప్పుడూ మీరు నా వెనక కూర్చోవద్దు."

"కూర్చుంటాను. ఏడాదిపాటు నువ్వెక్కడ పాడినా నేనే కూర్చుంటాను. ఆ ఏడాది నేను పాడను."

అమ్మగారి మీద కోపం ఉగాది వెళ్లినా పోలేదు. ఆ ఏడాది హైమ పద్నాలుగు చోట్ల పాడింది. పద్నాలుగు చోట్లా వెనక కూర్చున్నది వకుళే.